మంద్రశ్రుతి నాదస్వరము

గత వేసవిలో యూసుఫ్‌గూడలో నొక కల్యాణమండపమున పెండ్లికి పోయి కూర్చుంటిని. సన్నాయి మ్రోగుచున్నది గాని సన్నాయివారు లేరు. గోడకు బిగించిన పెట్టెలోనుండి ధ్వని వచ్చుచున్నది. ప్రక్కనున్న నా విద్యార్థి, "ఇది మాటలు వినబడకుండ చేయుటకే గదా, మాస్టారూ?" అని యడిగెను. వానిని కోపించుటకు నాకు నోరు రాలేదు. మన పెద్దలలో ననేకుల యభిప్రాయమును అదియే.

ఈ వాద్యమునకు బిగ్గరతన మవసరమై వచ్చినదే. స్వామి ఊరేగుచుండగా డోలుమ్రోత, జనఘోష దాటి వీధి చివరకు వినబడవలెను. అందుచే తిమిరి యను పొట్టి నాదస్వరము, నాలుగున్నర, అయిదు శ్రుతులలో పలుకునది, వాడుకలో నుండెను. తిరువావడుదురై రాజరత్నం పిళ్లై, నరసింగంపేట శిల్పి రంగనాథాచారిచేత పొడవైన బారి నాదస్వరమును చక్కజేయించెను. మూడడుగులకు కొంచెమే తక్కువైన యా గొట్టములో శ్రుతి రెండు, రెండున్నరకు దిగెను. శుద్ధమధ్యమము శుద్ధముగానే పలికెను. గొట్టము పొడవైనకొలది లోని గాలి నెమ్మదిగా కంపించును. అంతకుమించి యిందు రహస్యము లేదు. కాని దాని ఫలము గొప్పది. వాద్యము గాత్రమునకు దగ్గరయ్యెను. నడచుచు వాయించువాడు కూర్చుండి, తోడిరాగమును తొందరలేక విప్పగలిగెను. దేవుని ముందు నడచిన వాద్యము తానొక్కటియే సభను నిలుపగల వాద్యమయ్యెను.

ఈ బాణీని మనవారిలో శిఖర మెక్కించినవారు షేక్ చినమౌలానా సాహేబుగారు. ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో జన్మించిరి. చిలకలూరిపేటలో ఆదం సాహేబుగారివద్ద నేర్చి, పిదప తంజావూరు బాణీకై నాచ్చియార్‌కోవిల సోదరుల నాశ్రయించి, తుదకు శ్రీరంగమున స్థిరపడి, 1999లో అచటనే కన్నుమూసిరి. ముసల్మాను రంగనాథుని సన్నిధిని వాయించుట మా నగరపు పిల్లలకు వింతగా దోచును. గుంటూరు, ప్రకాశం జిల్లాల పల్లెలలో తరతరములుగా గుడిసన్నాయి ముసల్మానుల చేతిలోనే యున్నది. అచట దీనికి వింతపడువారు లేరు. 1998లో మద్రాసు సంగీతసభ వారికి సంగీతకళానిధి బిరుద మిచ్చెను. వారి శిష్యదంపతులైన షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీగార్లకు 2020లో పద్మశ్రీ వచ్చినది. ఆమె స్త్రీ, ఆ బరువైన గొట్టమును పట్టి వాయించుట స్త్రీకి తగదను మాట యిప్పటికైన మానుదుము గాక.

సన్మానము లట్లుండ, ఇంటిలో మన నడవడి యెట్లున్నది? ఇరువదేండ్ల క్రిందట మా చెల్లెలి పెండ్లిలో తెల్లవారుజామున నొక వృద్ధుడు బారి సన్నాయిమీద భూపాలము వాయించెను. క్రింది షడ్జముమీద నతడు నిలిచినపుడు వంటవారు సైతము గరిటె నాపిరి. మధ్యాహ్నము బంధువులందరును లేచిన పిదప, పందిరి వెలుపల, చల్లారిన యన్నముతో నాయనకు విస్తరి వేయించినది నేనే. సంస్కరణమును గూర్చి యుపన్యాసము లిచ్చుచున్న దినములే యవి. ఆయన యేమియు ననలేదు. చేయి కడుగుకొని, వాద్యమును గుడ్డలో చుట్టుకొని, బండి యెక్కెను.

మరునాడు బడిలో నా విద్యార్థికి మౌలానాగారి రికార్డు వినిపించితిని. మొదట ధ్వని తగ్గింపు మన్నాడు. ఆలాపన మంద్రమునకు దిగిన పిదప కొంచెము హెచ్చింపు మన్నాడు.