గోరా (గోపరాజు రామచంద్రరావు)

గోరాగా పేరుపడ్డ గోపరాజు రామచంద్రరావు (1902 నవంబర్ 15 – 1975 జూలై 26) ఎక్కువమందికి నాస్తికుడిగానే తెలుసు. పార్టీలు లేని ప్రజాస్వామ్యం కోసం ఆయన పడిన పాటు మరుగున పడింది. నిజానికి ఆ రెండింటి వెనుకా ఉన్నది ఒకే నమ్మకం: మనిషి స్వతంత్రుడు, దేవుడికో కులానికో నాయకుడికో తలవంచి బతకనక్కర్లేదు.

గంజాం జిల్లా ఛత్రపురంలో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. మద్రాసులో వృక్షశాస్త్రం ఎం.ఏ. చదివి కాలేజీల్లో పాఠాలు చెప్పారు. నాస్తిక భావాల వల్ల 1933లో కాకినాడలో ఉద్యోగం పోయింది. ఆ తర్వాత బందరు హిందూ కాలేజీలో చేరి, అదీ వదిలేసి, 1940లో భార్య సరస్వతితో కృష్ణా జిల్లా ముదునూరు వెళ్లి నాస్తిక కేంద్రం పెట్టారు. 1947లో అది విజయవాడ పటమటకు మారింది. ఉప్పు సత్యాగ్రహం జరిగిన ఏడు పుట్టిన కొడుక్కి లవణం అని పేరు పెట్టారు. క్విట్ ఇండియాలో భార్యాభర్తలిద్దరూ జైలుకెళ్లారు.

అన్ని కులాలవాళ్లనూ ఒకే బంతిలో కూర్చోబెట్టి భోజనాలు పెట్టించేవారు. పెద్దకూతురు మనోరమను దళితుడైన అర్జునరావుకు ఇచ్చి చేయాలనుకున్నప్పుడు, ఆ పెళ్లి సేవాగ్రాంలో తానే జరిపిస్తానన్నారు గాంధీ. దేవుడి పేరు బదులు సత్యం పేరు చెప్పడానికీ ఒప్పుకున్నారు. ఆయన హత్య తర్వాత, 1948 మార్చిలో, అక్కడే ఆ పెళ్లి జరిగింది. నాస్తికుడి ఇంటి పెళ్లి కోసం గాంధీ అంతవరకు ఒప్పుకోవడం చిన్న విషయం కాదు.

స్వాతంత్ర్యం వచ్చాక గోరా దృష్టి పాలకుల మీదికి మళ్లింది. మంత్రులు ఆడంబరం మాని సామాన్యుల్లా బతకాలనీ, గెలిచినవాడు పార్టీకి కాక జనానికి జవాబు చెప్పాలనీ పట్టుబట్టారు. ఎన్నికల్లో నిలబడ్డారు, గెలవలేదు. పాలకులను ఇదే కోరుతూ 1961–62లో సేవాగ్రాం నుంచి ఢిల్లీ దాకా 99 రోజులు, దాదాపు 1,100 మైళ్లు నడిచారు. అదే 1962లో పారిస్‌లో అరాచకవాది లూయీ లెక్వాఁ, యుద్ధానికి పోమన్న యువకుల కోసం 73 ఏళ్ల వయసులో 22 రోజులు నిరాహారదీక్ష చేశారు. లెక్వాఁ ప్రభుత్వమే వద్దన్నారు, గోరా అంత దూరం పోలేదు. కానీ ఆయుధం పట్టకుండా, తమ ఒంటినే కష్టపెట్టి అధికారాన్ని నిలదీయడంలో ఇద్దరిదీ ఒకటే దారి.

తిండికి కటకటగా ఉన్న దేశంలో ప్రభుత్వ తోటల్లో పూలెందుకని, పూలమొక్కలు పీకి కూరగాయలు నాటే సత్యాగ్రహం కూడా చేశారు.

విజయవాడలో ఒక సభలో మాట్లాడుతూనే గోరా కన్నుమూశారు. 2002లో, శతజయంతి ఏట, తపాలా శాఖ ఆయన పేరిట స్టాంపు విడుదల చేసింది.