వంటింట్లో పుట్టిన హెడ్‌సెట్

1910లో అమెరికా నౌకాదళానికి యూటా రాష్ట్రం నుంచి ఒక వింత ఉత్తరం వచ్చింది. నీలం, గులాబీ రంగు కాగితాల మీద ఊదా సిరాతో రాసి ఉంది. రాసినాయన పేరు నాథనియెల్ బాల్డ్విన్. తాను తయారుచేసిన హెడ్‌ఫోన్లను ఒకసారి పరీక్షించి చూడమని కోరాడు. పెద్దగా ఆశ పెట్టుకోకుండానే అధికారులు వాటిని తగిలించుకుని విన్నారు. అప్పటిదాకా వాళ్లు వాడుతున్నవేవీ వీటి దరిదాపుల్లోకి కూడా రావని తేలిపోయింది. వెంటనే ఆర్డరు పెట్టారు. విడతకు పది కంటే ఎక్కువ చెయ్యలేనని బాల్డ్విన్ జవాబు రాశాడు. వాటిని ఆయన చేస్తున్నది ఇంట్లో, వంటగదిలో మరి!

సాల్ట్ లేక్ సిటీలోని పెద్ద ప్రార్థనా మందిరంలో ఉపన్యాసం సరిగా వినపడక, ధ్వనిని పెంచే దారి వెతుకుతూ ఆయన ఈ పనిలోకి దిగాడు. ఒక్కో చెవి భాగంలో దాదాపు మైలు పొడవైన సన్నటి రాగితీగ చుట్ట, దాని ముందు పలుచని అభ్రకపు పొర. ఆ రోజుల్లో ఓడ రేడియోకి ధ్వనిని పెంచే యంత్రం లేదు. ఎక్కడో సముద్రంలోంచి వచ్చిన బలహీనమైన సంకేతం తనంత తానే ఆ పొరను కదిలించాలి. అది కదలకపోతే కబురు అందనట్టే. తలపట్టీ గుచ్చుకుంటోందని నావికులు చెబితే, తోలు చుట్టిన రెండు తీగ కడ్డీలతో తలకు తగ్గట్టు సర్దుకునే పట్టీ చేసి పంపాడు. పేటెంటు తీసుకోమంటే, ఇంత చిన్నదానికి ఎందుకని ఊరుకున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధంతో ఆర్డర్లు వెల్లువెత్తాయి, ఫ్యాక్టరీ వెలిసింది. కానీ 1924లో దివాలా తీశాడు, ఆ తర్వాత జైలుకూ వెళ్లాడు. 1961లో పేదవాడిగానే చనిపోయాడు. ఇవాళ కోట్లమంది నెత్తిన ఉన్న వస్తువు వెనక ఇంత కథ ఉన్నా, ఆయన పేరు తెలిసినవాళ్లు బహు తక్కువ. నాకు అది బాధగానే ఉంటుంది.

హెడ్‌సెట్‌లో ప్రతి భాగమూ ఇలాగే, వినడమే ఉద్యోగంగా బతికినవాళ్ల అవసరంలోంచి వచ్చింది. కంప్యూటర్‌కి గుచ్చే పిన్ను 1870ల చివర టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో పుట్టింది. ఆపరేటర్ ఆ పిన్నును బోర్డు మీది రంధ్రంలో గుచ్చి ఇద్దరి మధ్య మాట కలిపేవారు. ట్రాన్సిస్టర్ రేడియోల కాలానికి అదే పిన్ను 3.5 మిల్లీమీటర్లకు తగ్గింది, 1979లో వాక్‌మన్‌తో ఊరూరికీ చేరింది. నోటి ముందు తేలిగ్గా నిలిచే మైకు విమానాల పైలట్ల కోసం వచ్చింది. 1961లో మొదలైన ప్లాంట్రానిక్స్ ఆ పని చేసింది. 1969లో చంద్రుడి మీది నుంచి ఆర్మ్‌స్ట్రాంగ్ మాటలు భూమికి చేరింది ఆ సంస్థ హెడ్‌సెట్‌లోంచే. హాయిగా కూర్చుని పాటలు వినడానికంటూ స్టీరియో హెడ్‌ఫోన్లు 1958లో గానీ రాలేదు. మిల్వాకీలో జాన్ కాస్ చేసిన పని అది.

మన దగ్గర చాలామంది హెడ్‌సెట్‌ను మొదట తగిలించుకుంది నెట్ సెంటర్లోనే. 2000 తర్వాతి ఏళ్లలో ఒక క్యాబిన్‌లో కుర్రాళ్లు కౌంటర్ స్ట్రైక్ అనే కాల్పుల ఆట ఆడుతుంటే, పక్క క్యాబిన్‌లో ఓ తల్లి అమెరికాలో ఉన్న కొడుకుతో మాట్లాడుతూ, "వినపడుతోందా నాన్నా?" అని మైకు దగ్గరికి లాక్కునేది.

ఆ కౌంటర్ స్ట్రైక్‌లోనే, 2001లో వచ్చిన డస్ట్ 2 అనే మ్యాపులో ఈమధ్య మా ఇంటి కంప్యూటర్‌కి ఒక వైరు హెడ్‌సెట్ పెట్టి చూశాను. గోడ పక్కన కదలకుండా నిలబడి విన్నాను. ఇసుక మీద పరుగు ఒకలా, చెక్క మీద మరోలా. ఎడమ పక్క చెక్క తలుపుల దగ్గర అడుగులు మొదలై, ఒక్కసారిగా ఆగిపోయాయి. పరుగు ఆపి నెమ్మదిగా నడిచేవాడి అడుగులు ఈ ఆటలో వినపడవు. అంటే అవతలివాడు నన్ను పసిగట్టాడన్నమాట. స్పీకర్లలో ఆడేటప్పుడు ఈ సంగతి నా చెవికి ఎప్పుడూ అందలేదు.

అడుగులు ఎటు నుంచో చెవికి ఎలా తెలుస్తుంది? పక్క నుంచి వచ్చే శబ్దం ఒక చెవిని ముందుగా, రెండో చెవిని కాస్త ఆలస్యంగా తాకుతుంది. ఆ తేడా సెకనులో వెయ్యోవంతు కూడా ఉండదు. మెదడుకు అదే చాలు. రెండు చెవులకూ అందే శబ్దాల్లోని తేడాలతో మనం దిక్కును ఎలా పట్టుకుంటామో 1907లో భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ వివరించాడు. అయితే ముందు నుంచి వచ్చినా, వెనక నుంచి వచ్చినా ఈ తేడా ఒకటే. అక్కడ మనల్ని కాపాడేది చెవి డొప్ప మడతలు. హెడ్‌ఫోన్‌లో ఆ మడతల పని చాలావరకు పోతుంది కాబట్టి, ఆటే లెక్కకట్టి ఆ ముద్రను శబ్దానికి అద్దాలి. కౌంటర్ స్ట్రైక్‌లో 2016 నుంచి ఆ సౌకర్యం ఉంది. దాన్ని వాడేటప్పుడు హెడ్‌సెట్‌తో వచ్చే సాఫ్ట్‌వేర్‌లోని సరౌండ్‌ను ఆపెయ్యాలి. రెండూ కలిస్తే అడుగుల చప్పుడు డబ్బాలోంచి వస్తున్నట్టు మసకబారుతుంది, దిక్కు పోతుంది.

వైరు ఎందుకు, బ్లూటూత్ ఉందిగా అనేవాళ్లున్నారు. మామూలు బ్లూటూత్‌లో శబ్దం సెకనులో పదో వంతో, అంతకంటే ఎక్కువో ఆలస్యంగా వస్తుంది. దానికంటే పెద్ద చిక్కు మైకుతో. మైకు ఆన్ చేసి స్నేహితులతో మాట్లాడుతుంటే చాలా హెడ్‌సెట్లు ఫోన్ కాల్ పద్ధతిలోకి మారిపోతాయి. అప్పుడు రెండు చెవుల్లోనూ ఒకే ధ్వని, ఇక ఎడమా లేదు, కుడీ లేదు. విడిగా చిన్న రిసీవరు గుచ్చుకునే వైర్‌లెస్ రకాలు మెరుగే గానీ, అవి ఖరీదెక్కువ, ఛార్జింగూ పెట్టుకోవాలి.

కొనేముందు పిన్నును దగ్గరగా చూడండి. మూడు నల్ల గీతలుంటే ఎడమ, కుడి, ఎర్త్, మైకు నాలుగూ అందులోనే ఉన్నట్టు. పాత కంప్యూటర్‌కి ఆకుపచ్చది వినడానికి, గులాబీది మైకుకి వేర్వేరు రంధ్రాలుంటాయి కాబట్టి ఒకటిని రెండు చేసే చిన్న కన్వర్టర్ కావాలి. కళ్లజోడు ఉన్నవాళ్లు దాన్ని పెట్టుకునే, షాపులో కాసేపు తల మీద ఉంచుకుని చూడాలి. మైకు పెదాలకు ఎదురుగా కాకుండా నోటి మూల పక్కకు ఉంటే ఊపిరి చప్పుడు అవతలివాళ్ల చెవిలో పడదు.