సిస్టమ్ లాగ్ ఈమెయిల్ హెచ్చరికలు

ఇంటి కంప్యూటర్ తన లాగ్‌లలో నమోదైన ముఖ్య ఘటనలను యజమానికి ఈమెయిల్‌గా పంపే ఏర్పాటు. ఫైళ్లు దాచే చిన్న సర్వర్లకు, రోజుల తరబడి మానిటర్ లేకుండా నడిచే లినక్స్ యంత్రాలకు ఇది చాలా అవసరం.

యూనిక్స్ లోకానికి లాగ్ సందేశాలను నమోదు చేసే సిస్‌లాగ్‌ను 1980లలో ఎరిక్ ఆల్‌మన్ తన మెయిల్ ప్రోగ్రామ్ సెండ్‌మెయిల్ పనిలో భాగంగా రూపొందించాడు. అందులో సందేశాల తీవ్రతకు 0 నుంచి 7 వరకు ఎనిమిది స్థాయిలున్నాయి. 0 అత్యంత తీవ్రం. లాగ్‌వాచ్ అనే పెర్ల్ ప్రోగ్రామ్ సాధారణంగా రోజుకోసారి లాగ్‌లను చదివి సారాంశం పంపుతుంది. హార్డ్‌డిస్క్ పాడయ్యే సూచనలను స్మార్ట్‌డీ అనే ప్రోగ్రామ్ కనిపెడుతుంది. డేటాను కాపాడే హెచ్చరిక కాబట్టి, ఒక్కటే పెట్టుకోదలిస్తే దీన్నే పెట్టుకోవాలి.

అసలు చిక్కు పంపడంలోనే ఉంది. స్పామ్‌ను అరికట్టడానికి చాలా ఇంటర్నెట్ సంస్థలు ఇళ్ల కనెక్షన్లలో మెయిల్ పంపే 25వ పోర్టును మూసేస్తాయి. అది తెరిచి ఉన్నా, ఇంటి ఐపీ చిరునామా నుంచి నేరుగా వచ్చే మెయిల్‌ను పెద్ద మెయిల్ సర్వర్లు తరచూ తిరస్కరిస్తాయి. అందుకే పోస్ట్‌ఫిక్స్ లేదా ఎంఎస్ఎంటీపీ అనే మెయిల్ పంపే ప్రోగ్రామ్ ద్వారా, 587వ పోర్టులో, మెయిల్ సంస్థ సర్వర్ మీదుగా పంపుతారు. జీమెయిల్ 2022 నుంచి వ్యక్తిగత ఖాతాల్లో ఇలాంటి ప్రోగ్రాములకు మామూలు పాస్‌వర్డ్‌ను అంగీకరించడం మానేసింది; రెండంచెల ధ్రువీకరణ పెట్టుకుని 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి. దాన్ని దాచిన ఫైలును ఇతరులు చదవలేకుండా అనుమతులు బిగించాలి.

ప్రతి చిన్న ఘటనకూ మెయిల్ వస్తే ఎవరూ చదవరు. డిస్క్ లోపాల వంటివి వెంటనే, మిగతావి రోజువారీ సారాంశంగా రావడం మేలు. యంత్రం పూర్తిగా ఆగిపోతే హెచ్చరిక కూడా రాదు. కాబట్టి రోజూ వచ్చే సారాంశం ఏనాడైనా రాకపోతే, వెంటనే యంత్రాన్ని చూడండి.