హారర్, జడుపు

హారర్ అన్న మాటకు మూలం లాటిన్‌లో ‘హొర్రేరే’: వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం. మన ‘హర్షం’లోని ధాతువూ దానికి జ్ఞాతే. ఒళ్లు గగుర్పొడవడం ఒక్కటే. లాటిన్ వాళ్లు దాన్ని భయం వైపు లాగారు, మనవాళ్లు సంతోషం వైపు. (‘రోమహర్షణం’ మాత్రం ఇప్పటికీ రెండు పక్షాలా పనిచేస్తుంది.) అంటే ఈ మాట పుట్టింది ఒంటిమీద. కథలో దయ్యముందా, రాకెట్టుందా అన్నది దానికి పట్టదు.

2008లో వచ్చిన ‘డెడ్ స్పేస్’ వీడియో గేమ్ మీద తగవు ఇక్కడే. అంతరిక్ష నౌక, ఆయుధాలు, మీదపడే వికృతాకారాలు. ఇది సైన్స్ ఫిక్షన్ యాక్షనే గాని హారర్ ఎలా అవుతుందంటారు కొందరు. నాయకుడి పేరే ఐజాక్ క్లార్క్, సైన్స్ ఫిక్షన్ రచయితలు ఐజాక్ అసిమోవ్‌దీ ఆర్థర్ క్లార్క్‌దీ కలిపి కుట్టినది.

నాట్యశాస్త్రం చెప్పిన భరతుణ్ణి అడుగుదాం. వీర రసానికి స్థాయీభావం, అంటే మూలంగా నిలిచే భావం, ఉత్సాహం; భయానకానికి భయం, బీభత్సానికి జుగుప్స. బీభత్సంలోంచే భయానకం పుడుతుందనీ అన్నాడు. వీరాన్ని ఉత్తమ ప్రకృతులకిచ్చి, భయానకాన్ని స్త్రీలకూ నీచప్రకృతులకూ పంచడం నాకు నచ్చదు. అయినా వీరుడు కానివాడికే భయం దక్కుతుందన్నంత వరకు ఐజాక్‌కి సరిపోతుంది. అతను సైనికుడు కాడు, మరమ్మతుకొచ్చిన ఇంజనీరు. చేతిలోని ప్లాస్మా కట్టర్ గనుల్లో వాడే పనిముట్టు. శవాల్లోంచి లేచిన నెక్రోమార్ఫ్‌లు తల ఎగిరిపోయినా ఆగవు. కాళ్లూ చేతులూ నరకాలి. మందుగుండు ఎంత మిగిలిందో చూసుకుందామని జాబితా తెరిస్తే ఆట మనకోసం ఆగదు. ఆయుధం ఉంది, ఉత్సాహం లేదు.

తెలుగులో ఉలికిపాటు వేరు, జడుపు వేరు. తలుపు చాటునుంచి ఏదో దూకితే ఉలిక్కిపడతాం, తేరుకుంటాం. జడుపు అలా వదలదు. జడుసుకున్న పిల్లలకు జ్వరమే వస్తుందంటారు. ఉలికిపాట్లు ‘డెడ్ స్పేస్’లో దండిగా ఉన్నాయి, అవి నాకు లెక్కలోకి రావు. ఎవరూ లేని నడవాలో గాలిగొట్టం చప్పుడు విని, అడుగు ముందుకు పడక నిలబడిపోతామే, అది జడుపు.

2013 నాటి మూడో భాగంలో అన్ని ఆయుధాలకూ ఒకే మందుగుండు సరిపోతుంది. కావాలంటే పక్కన ఇంకొకరు చేరి ఆడవచ్చు. నెత్తురుకు కొదవలేదు, బీభత్సం బీభత్సంగానే ఉంది, అందులోంచి భయం పుట్టదు. దాన్ని యాక్షన్ అనేవాళ్లతో నాకు పేచీ లేదు. మొదటి భాగానికి మాత్రం ఆ పేరు ఒప్పను.