మామిడి సీమలో పాత మోటారు సామాను వర్తకము

నూజివీడు అనగానే మామిడి జ్ఞప్తికి వచ్చును. ఆ మామిడి పట్టణములకు చేరుటలో లారీకి గల పాత్ర మాత్రము అంతగా ఎవరికిని తోచదు. నూజివీడు పేరుగల రైల్వే స్టేషను ఊరిలో లేదు; దూరముగా హనుమాన్ జంక్షను వద్ద ఉన్నది. కాబట్టి కాయ ఎటు పోవలెనన్నను మొదట రోడ్డెక్కవలసినదే. కోసిన పిమ్మటను మామిడికాయ శ్వాసించుచునే యుండును. ఎథిలీను వాయువును వెలువరించుచు, ఆ వాయువు చేతనే మరింత త్వరగా పండును. ఇరుసు విరిగి లారీ రెండు దినములు దారిలో నిలిచినచో బేరము చెడినట్లే. అట్టివేళ ఆదుకొనువాడు పాత సామాను అమ్మెడి చిన్న వర్తకుడు.

ఈ వర్తకము యుద్ధము పెట్టిన భిక్ష. రెండవ ప్రపంచ యుద్ధకాలమున పెట్రోలు కొరతచే మన బస్సులు బొగ్గువాయువుతో ఈడ్చుకొని నడచినవి. 1945లో యుద్ధము ముగియగనే సైన్యములు విడిచిన ఫోర్డు, షెవర్లే, జి.ఎం.సి. లారీలు, విల్లీసు జీపులు డిస్పోజల్సు శాఖ ద్వారా వేలమునకు వచ్చినవి. వానితోపాటు, గ్రీజు పూసి మైనపు కాగితములో చుట్టిన విడిభాగములు పెట్టెలకు పెట్టెలు. గ్రీజు గాలిని, తేమను చేరనీయదు గనుక ఇనుము ఏండ్ల తరబడి తుప్పు పట్టలేదు. రబ్బరు సామాను మాత్రము ఆమ్లజని, ఓజోనుల ధాటికి బీటలు వారినది.

యుద్ధకాలమున విల్లీసు, ఫోర్డు కంపెనీలు కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు తయారుచేసినవి. నమూనా ఒకటే, ఒకదాని భాగము రెండవదానికి అతుకును. ఫోర్డువారు తమ బోల్టుల తలల మీద సైతము 'ఎఫ్' అక్షరమును ముద్రించిరి. వంద బండ్లు విప్పి వేయి బండ్లను బ్రతికించుట ఇందువలననే సాధ్యమైనది.

1953లో టారిఫ్ కమిషను సిఫార్సుల తరువాత, దేశమున తయారీ ప్రణాళిక లేని విదేశీ కంపెనీలకు ఇక్కడ తావు లేకపోయెను. ఫోర్డు, జనరల్ మోటార్సు సంస్థలు తమ బిగింపు కర్మాగారములను మూసివేసినవి. కంపెనీ పోయినది, బండ్లు మిగిలినవి! చిన్న వర్తకునికి అదియే మంచికాలము. మద్రాసులో పుదుపేట, విజయవాడలో 1960లలో వెలసిన జవహర్ ఆటోనగరు ఇట్టి సామానుకు ప్రసిద్ధి పొందినవి. కాలిపర్సుతో కొలిచి, ఏ బండి బేరింగు ఏ బండికి సరిపడునో నోటితో చెప్పగలవాడే అక్కడ పండితుడు. అరిగిన పళ్ళచక్రమును మెరుగుపెట్టి కొత్తదని అంటగట్టిన ఘనులును లేకపోలేదు.

క్షీణతకు మొదటి బీజము మరలోనే ఉన్నది. పాత ఇంగ్లీషు మరచుట్టు కోణము 55 డిగ్రీలు, అమెరికనుది 60. అర అంగుళపు సన్నచుట్టు బోల్టుకు బ్రిటిషు లెక్కన అంగుళమునకు 16 చుట్లు, అమెరికను లెక్కన 20. ఒకదాని నట్టు రెండవదానికి ఎక్కదు. 1948లో అమెరికా, బ్రిటను, కెనడాలు ఉమ్మడి ప్రమాణమునకు ఒడంబడినవి. ఇంతలో 1954లో టాటా-మెర్సిడెస్ లారీలు మెట్రిక్ కొలతలతో దిగినవి. 1956 చట్టముతో దేశమే మెట్రిక్ పద్ధతికి మరలినది. అర అంగుళమన 12.7 మిల్లీమీటర్లు. దాని బదులు 12 మిల్లీమీటర్ల బోల్టు వేసినచో వదులుగా ఊగును, పట్టు నిలువదు. పాత లారీలు ఒక్కొక్కటే మూలబడిన కొలది, కొట్టులోని అంగుళపు సరకు అడుగువారు లేక నిలువయైనది.

1983లో మారుతి కారు వచ్చినది. కంపెనీ ముద్రగల పొట్లములలో సామాను ఊరూర దొరకుట ఎక్కువైనది. కొనువానికి మోసము తగ్గినదనుట న్యాయము. 2014లో అంబాసిడరు తయారీ నిలిచినది. 2020 ఏప్రిలు 1 నుండి అమలైన భారత్ స్టేజి-6 నియమములతో ఇంజను ఎలక్ట్రానిక్ అదుపునకు మరింత లోబడినది. అందలి లోపమును కాలిపర్సు పట్టలేదు. 2021లో పాత వాహనములను తుక్కు చేయు విధానము ప్రకటింపబడెను.

ఇప్పుడు 'ఎఫ్' అక్షరపు బోల్టును వెదకుచు వచ్చువారు, పాత జీపును తొలిరూపునకు తేవలెనను ఉబలాటము గలవారు. వారు కొనునది నాలుగు బోల్టులు; దానితో కొట్టు అద్దె తీరదు. తక్కిన ఇనుము తూకమునకు పోవుచున్నది. కమాను పట్టీల ఉక్కు గట్టిది గనుక వానిలో కొన్ని కమ్మరి కొలిమికి చేరి కొడవళ్ళగుచున్నవి.