కోయంబత్తూరు, మదురై తెలుగిళ్లలో రేడియో



సరిహద్దు జిల్లాల్లో ఉండే మనకు రేడియో ముల్లు తిప్పడం కొత్త కాదు. కొంచెం అటు తిప్పితే తమిళం, కొంచెం ఇటు తిప్పితే కన్నడం, నడుమ తెలుగు. మన చెవులు మూడు భాషలకూ అలవాటుపడినవే. అయితే మనకు దక్షిణాన, మూడు నాలుగు వందల కిలోమీటర్ల అవతల, తెలుగు మాట్లాడే పాత ఊళ్లు ఎన్నో ఉన్నాయి. ఆ ఇళ్లలో రేడియో ఎలా విన్నారు, ఆ అలవాటు కాలంతో పాటు ఎలా మారింది అన్నదే ఈనాటి ప్రసంగం. నేను పుట్టి పెరిగింది కోయంబత్తూరు దగ్గరి అటువంటి పల్లెలోనే. కనుక ఇందులో కొంత చరిత్ర, కొంత మా ఇంటి ముచ్చట కలిసి వస్తాయి.

ముందు ఈ ఊళ్ల సంగతి చెప్పుకోవాలి. 14వ శతాబ్దంలో విజయనగర రాజకుమారుడు కుమార కంపన మదురై మీదికి దండెత్తి గెలిచాడు. 16వ శతాబ్దంలో విశ్వనాథ నాయకుడితో మదురై నాయక రాజ్యం మొదలై, 1736 దాకా నిలిచింది. తిరుమల నాయకుడు, రాణి మంగమ్మ మనందరికీ తెలిసిన పేర్లే. ఆ రాజ్యంతో పాటు సైనికులు వెళ్లారు. వాళ్ల వెనక నల్లరేగడి నేలలు వెతుక్కుంటూ రైతులు, మగ్గాలతో నేతగాళ్లు, తోలుపని చేసేవాళ్లు వెళ్లారు. కమ్మవారు, బలిజలు, రెడ్లు, రాజకంబళం నాయకులు, అరుంధతీయులు ఇలా ఎందరో అక్కడే స్థిరపడ్డారు. 2011 జనాభా లెక్కల ప్రకారం తమిళనాడులో తెలుగు మాతృభాషగా రాయించుకున్నవారు సుమారు 42 లక్షల మంది. అంటే ఆ రాష్ట్ర జనాభాలో దాదాపు 6 శాతం.

అయితే ఈ తెలుగుకు ఒక ప్రత్యేకత ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. మాలో చాలామందికి తెలుగు అక్షరం రాదు. పెళ్లి పత్రిక తమిళంలో, ఉత్తరం తమిళంలో, పద్దు తమిళంలో. మా నాయన నాకు రాసిన ఉత్తరాల్లో మాట తెలుగు, లిపి తమిళం. తెలుగు పుస్తకం, తెలుగు పత్రిక ఇంటికి వచ్చినా చదివేవాళ్లు లేరు. అటువంటి ఇంటికి బయటి తెలుగు రావాలంటే చెవి ఒక్కటే దారి. ఆ దారిన వచ్చింది రేడియో.

మద్రాసులో రేడియో 1924లోనే మొదలైంది. సి.వి. కృష్ణస్వామి శెట్టి ప్రభృతులు మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు పెట్టి, ఆ ఏడు జులై 31న ప్రసారాలు ప్రారంభించారు. డబ్బు చాలక 1927లో ఆగిపోతే, ఆ యంత్రాలను మద్రాసు కార్పొరేషను తీసుకుని 1930 నుంచి నడిపింది. సముద్రపుటొడ్డున, పార్కుల్లో లౌడుస్పీకర్లు పెట్టి జనానికి పాటలు వినిపించేవారు. 1938 జూన్ 16న ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రం వచ్చింది. అది తమిళం, తెలుగు రెండూ వినిపించేది. రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా పేరుపొందిన న్యాపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు పిల్లల కార్యక్రమం మొదలుపెట్టింది అక్కడే. బాలాంత్రపు రజనీకాంతరావు 1941లో ఉద్యోగంలో చేరిందీ అక్కడే. 1939లో తిరుచిరాపల్లి కేంద్రం తమిళానికి, 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం తెలుగుకు వచ్చాయి.

కేంద్రం వస్తే సరిపోదు కదా, వినడానికి సెట్టు కావాలి. సెట్టుకు కరెంటు కావాలి. ఈ విషయంలో కోయంబత్తూరు ముందుంది. 1930ల ఆరంభంలో నీలగిరుల్లోని పైకారా జలవిద్యుత్తు ఆ ప్రాంతానికి అందింది. నూలు మిల్లులు పెరిగాయి. ఆ ఊరి తెలుగు కుటుంబంలోనే పుట్టిన జి.డి. నాయుడు (1893–1974) బస్సులతో మొదలుపెట్టి మోటార్లు, యంత్రాలు తయారుచేయించారు. 5 వాల్వుల రేడియో సెట్టును మన దేశంలోనే 70 రూపాయలకు చేసి ఇవ్వగలనని 1941లో ఆయన ప్రకటించారు. దిగుమతి సెట్లు సామాన్యుడికి అందని ఆ కాలంలో అది చిన్న మాట కాదు.

మా ఇంటికి సెట్టు వచ్చింది 1962లో. పెద్ద చెక్కపెట్టె. మిద్దె మీద రెండు వెదురుగడలు పాతి, నడుమ ఏరియల్ తీగ లాగారు. మీట నొక్కితే వెంటనే పలికేది కాదు. వాల్వులు వేడెక్కేదాకా అందరం దాని మొహం చూస్తూ కూర్చోవాలి. పోస్టాఫీసులో ఏటేటా డబ్బు కట్టి లైసెన్సు పుస్తకంలో ముద్ర వేయించుకోవాలి. మా నాయన ఆ పుస్తకాన్ని భూమి దస్తావేజులతో పాటు ట్రంకుపెట్టెలో దాచేవారు. సాయంత్రమైతే చుట్టుపక్కల నాలుగిళ్లవాళ్లు మా పంచలో చేరేవారు. ఏ స్టేషను పెట్టాలో నిర్ణయించేది మాత్రం మా అవ్వ.

అవ్వకు కావలసింది విజయవాడ. కానీ అది ఎప్పుడు పడితే అప్పుడు దొరికేది కాదు. మీడియం వేవ్ తరంగాలు పగటిపూట నేలను అంటిపెట్టుకుని కొంత దూరమే పోతాయి. పైకి పోయినవాటిని ఆకాశంలోని ఒక పొర మింగేస్తుంది. పొద్దుగుంకాక ఆ పొర పోతుంది. అప్పుడు తరంగాలు ఇంకా ఎత్తున ఉన్న అయనావరణానికి తగిలి, తిరిగి వందల మైళ్ల దూరాన దిగుతాయి. ఈ శాస్త్రం మా అవ్వకు తెలియదు. కానీ దాని ఫలితం ఆమెకు బాగా తెలుసు. చలికాలంలో పొద్దు ఆలస్యంగా పొడుస్తుంది కనుక తెల్లవారుజామున భక్తిరంజని వినబడేది. వేసవిలో పాట సగంలో ఉండగానే సూర్యుడు వచ్చేవాడు. స్వరం సన్నబడి, గరగరలో కలిసిపోయేది. "పొద్దు తినేసింది" అనేది అవ్వ. అందుకే మా ఇంట్లో మార్గశిరం, పుష్యం అంటే విజయవాడ బాగా పలికే నెలలు.

రాత్రిళ్లు నాటకాలు వచ్చేవి. అవ్వకు సగం మాటలు తెలిసేవి కావు. వాళ్లు "ఉంది" అంటే మేము "ఉండాది" అనేవాళ్లం. వాళ్లు "ఎక్కడికి" అంటే మేము "యాడికి". ఒకనాడు నేను అడిగాను, వాళ్లు మాట్లాడేది తెలుగైతే మనం మాట్లాడేది ఏమిటని. అవ్వ ఇలా అన్నది: "మనదీ తెలుగే నాయనా. వాళ్లు చదువుకోని మాట్లాడతా ఉండారు. మనం ఇని ఇని మాట్లాడతా ఉండాము." ఆ మాట అప్పుడు నాకు ఆనలేదు. రేడియోలోని తెలుగే సరైనదనీ, మాది తప్పనీ అనుకున్నాను. పై చదువుకు వెళ్లాక మా మాట విని తోటివాళ్లు నవ్వినప్పుడు ఆ అనుమానం ఇంకా గట్టిపడింది. చాలా ఏళ్లు బయట నోరు మెదపాలంటే తమిళమే మేలనుకున్నాను. శ్రోతల్లో చిత్తూరువారు, కుప్పంవారు ఉంటే ఈ బాధ కొంత తెలిసే ఉంటుంది. "ఉండాది" మీ మాట కూడా కదా.

మా అమ్మ పుట్టిల్లు మదురై దగ్గర. సెలవుల్లో అక్కడికి పోతే రేడియో కథ వేరు. అక్కడ సిలోన్‌దే రాజ్యం. 1952లో కేంద్ర మంత్రి బి.వి. కేస్కర్ హయాంలో ఆకాశవాణిలో సినిమా పాట దాదాపు మాయమైంది. దేశమంతా ముల్లు రేడియో సిలోన్ వైపు తిరిగింది. మదురైకి సిలోన్ దగ్గర కనుక గరగర తక్కువ. తమిళ పాటలతో పాటు తెలుగు పాటలకూ వాళ్లు కొంత వేళ కేటాయించేవారు. మీనాక్షి పొన్నుదురై గారు తెలుగు పాటలు వేస్తుంటే, మా మదురై అవ్వ చేతిపని ఆపి వినేది. ఆమె పలికే తెలుగులో తమిళ యాస ఉండేది. "ఈమె మనమాదిరే మాట్లాడతాది" అని అవ్వ మురిసిపోయేది. ఇంకో వింత చూడండి. కోయంబత్తూరు పక్షిరాజా స్టూడియో 1954లో ‘అగ్గిరాముడు’ తెలుగు సినిమా తీసింది. సినిమా తయారైంది మా ఊరి పక్కన, తెలుగు సినిమా పాటల కోసం చెవి ఒగ్గింది సముద్రం అవతలి రేడియోకు.

1957 అక్టోబరు 3న వివిధభారతి వచ్చాక సినిమా పాట ఆకాశవాణికి తిరిగి వచ్చింది. 1966లో కోయంబత్తూరుకు సొంత కేంద్రం వచ్చింది, 1987లో మదురైకి. దగ్గరి కేంద్రం గొంతు స్పష్టంగా ఉంటుంది, ధరలు, వానలు, వ్యవసాయం మన ఊరివే చెబుతుంది. తంజావూరు రైతులు ఏడీటీ-27 వరి విత్తనాన్ని "రేడియో వడ్లు" అని పిలిచారంటే దాని పట్టు ఎంతటిదో ఊహించుకోవచ్చు. అది తమిళ కేంద్రం కావడం న్యాయమే. దాని మూలంగా మా రైతులు బాగుపడ్డారు కూడా. ఈలోగా ట్రాన్సిస్టరు వచ్చింది. పంచలోని రేడియో పొలం గట్టుకు, మిల్లు గేటు దగ్గరి టీకొట్టుకు పోయింది. నలుగురు కలిసి వినడం తగ్గి, ఎవరి రేడియో వారిదైంది. నేను నా ట్రాన్సిస్టరులో తమిళ పాటలు వినేవాణ్ణి. లోపలి గదిలో అవ్వ ఒక్కతే 837 కిలోహెర్ట్జ్ దగ్గర విజయవాడను వెతుక్కునేది. 1980ల నడుమ లైసెన్సు కూడా పోయింది. ఆ పుస్తకం అడిగేవాళ్లు లేకపోయారు. అవ్వా వెళ్లిపోయింది. ఆ పెద్ద సెట్టును తర్వాత ఎవరూ వెలిగించలేదు.

1995లో ఈటీవీ, జెమిని వచ్చాయి. కేబులువాడు ఇస్తే తెలుగు బొమ్మతో సహా ఇంటికి వచ్చేది. 2000 తర్వాత ఎఫ్ఎం స్టేషన్లు వచ్చి, బస్సుల్లో, అంగళ్లలో పాట రోజంతా మోగింది, తమిళంలో. ఇప్పుడు చేతి ఫోనులో ఆకాశవాణి యాప్ పెట్టుకుంటే విజయవాడ, హైదరాబాదు, కడప ఏ వేళనైనా గరగర లేకుండా పలుకుతాయి. పొద్దు పొడిచినా స్వరం పోదు. మొదటిసారి వేసవి పొద్దున భక్తిరంజని చివరిదాకా విన్నప్పుడు అవ్వ గుర్తొచ్చి నాకు కళ్లు చెమర్చాయి. పక్కన కూర్చున్న మనవణ్ణి వినమన్నాను. కాసేపు విని, తమిళంలో అడిగాడు, ఇది ఎవరి భాష తాతా అని. వాడికి ఇంట్లో మాట అర్థమవుతుంది. జవాబు మాత్రం తమిళంలోనే ఇస్తాడు.

అప్పుడు నాకు ఒక సంగతి తట్టింది. దొరకని రోజుల్లో మేము తెలుగును వెతికి విన్నాం. దొరికే రోజుల్లో వెతికేవాళ్లు లేరు. ఇందులో తప్పంతా పిల్లలది కాదు. ఇన్నేళ్లూ రేడియో మాకు తెలుగు వినిపించింది, మేలు చేసింది. కానీ మా తెలుగు రేడియోలో వినబడింది తక్కువ. వాడు ఇంట్లో విన్న మాటా, రేడియోలో విన్న మాటా ఒకటేనని వాడికి ఎవరూ చెప్పలేదు. నాకైనా అవ్వ చెప్పింది. నేను వాడికి చెప్పలేదు. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ తెలుగిళ్ల వలస కథలను విని విని, ‘గోపల్ల గ్రామం’ నవలగా 1976లో తమిళంలో రాశారు. అవి తెలుగు అవ్వలు చెప్పిన కథలే. ఆయన పట్టించుకోకపోతే అవీ పోయేవి.

శ్రోతలారా, ఇప్పుడు ప్రతి ఫోనులోనూ గొంతు నిలిపే యంత్రం ఉంది. మీ ఇంట్లో, మీ చుట్టాలిళ్లలో పెద్దవాళ్లు ఉంటే, వాళ్లు చెప్పే కథ, పాడే జోలపాట, పొలంలో ఎద్దును అదిలించే మాట పట్టి ఉంచండి. మాటను సరిదిద్దకండి. మా అవ్వ గొంతు నా దగ్గర లేదు. ఆమె అన్న రెండు మూడు మాటలు మాత్రం గుర్తున్నాయి, అవే మీకు చెప్పాను. ఈ ప్రసంగం అయ్యాక ఇంటికి వెళ్లి మనవడికి కూడా చెబుతాను.