బరువు తగ్గించే మందులు: చరిత్ర, అందుబాటు

ఆకలిని అణచి గానీ, తిన్న కొవ్వు ఒంటికి పట్టకుండా చేసి గానీ, జీవక్రియ వేగం పెంచి గానీ శరీర బరువును తగ్గించే ఔషధాలివి. ఆధునిక వైద్యంలో వీటి చరిత్ర 19వ శతాబ్దం చివరి దశకంలో మొదలైంది. అప్పటినుంచి వచ్చిన మందుల్లో చాలావాటిని ప్రాణహాని వల్ల ఉపసంహరించారు. స్థూలకాయాన్ని జబ్బుగా కాక తిండిపోతుతనంగా, బద్ధకంగా చూసే ధోరణి ఈ చరిత్ర పొడవునా ఉంది. మందును ఎవరు పరీక్షించాలి, ఎవరికి ఇవ్వాలి, డబ్బు ఎవరు కట్టాలి అన్న ప్రశ్నలకు జవాబులు చాలావరకు ఆ ధోరణినుంచే పుట్టాయి.

ప్రాచీన వైద్యంలో

చరక సంహిత సూత్రస్థానం 21వ అధ్యాయం లోకం నిందించే ఎనిమిది రకాల శరీరాలను పేర్కొని, వాటిలో అతిస్థూలాన్ని, అతికృశాన్ని వివరంగా చర్చిస్తుంది. స్థౌల్యానికి అతిగా తినడం, పగటినిద్ర, వ్యాయామం లేకపోవడం వంటి కారణాలతో పాటు బీజస్వభావాన్ని, అంటే పుట్టుకతో వచ్చే గుణాన్ని కూడా చెబుతుంది. ఈ రెంటిలో స్థౌల్యానికే చికిత్స కష్టమని తేల్చింది. ఈ మాటను తర్వాతి కాలం దాదాపుగా మరిచిపోయింది. తిండి కరువైన రోజుల్లో బొద్దుగా ఉండటం కలిగినింటి లక్షణమైంది. తిండికి లోటు తీరిన ఇళ్లలో అదే ఒళ్లు ఎగతాళికి గురైంది. రెండు కాలాల్లోనూ అది వైద్యుడి దగ్గరికి వెళ్లాల్సిన విషయంగా మాత్రం ఎవరికీ తోచలేదు.

చట్టానికి అందని మందులు

1890లలో పాశ్చాత్య వైద్యులు జంతువుల థైరాయిడ్ గ్రంథి సారాన్ని బరువు తగ్గడానికి ఇవ్వసాగారు. అది గుండె వేగాన్ని ప్రమాదకరంగా పెంచేది. అంతకంటే ఘోరమైన కథ డైనైట్రోఫినాల్‌ది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఫ్రాన్స్‌లోని మందుగుండు కర్మాగారాల్లో ఈ రసాయనంతో పనిచేసిన కార్మికులు చెమటలతో, జ్వరంతో చిక్కిపోయారు. కొందరు చనిపోయారు. 1933లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మారిస్ టెయింటర్, విండ్సర్ కటింగ్ దీన్ని స్థూలకాయులపై ప్రయోగించి ఫలితాలు ప్రకటించారు. కణాలు ఆహారాన్ని శక్తిగా దాచుకోనివ్వకుండా వేడిగా తగలబెట్టించడం దీని పని. మోతాదు కాస్త మించితే ఒళ్లు లోపలినుంచే కాగిపోతుంది, ఆ వేడిని దించే విరుగుడు లేదు. అయినా వైద్యుడి చీటీ అవసరం లేకుండానే అమెరికా అంతటా అమ్ముడుపోయింది. వాడినవారిలో యువతులకు సైతం కంటిలో శుక్లాలు వచ్చాయి, మరణాలూ సంభవించాయి.

ఆపడానికి ప్రభుత్వం చేతిలో చట్టం లేదు. 1906 నాటి అమెరికా చట్టం ప్రకారం రోగాన్ని నయం చేస్తానని చెప్పేదే ఔషధం. స్థూలకాయం రోగమే కాదని భావించారు కనుక దాన్ని తగ్గించే పదార్థం ఆ చట్టం పరిధిలోకి రాలేదు. సమాజపు చిన్నచూపు ఒక చట్టంలో సందుగా మారి మనుషుల చూపును, ప్రాణాలను తీసిందనడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ లేదు. శరీర నిర్మాణాన్ని, పనితీరును మార్చేది ఏదైనా ఔషధమేనని 1938 చట్టం నిర్వచించాకే డైనైట్రోఫినాల్ మార్కెట్‌ను వీడింది.

ఆ తర్వాతి మూడు దశాబ్దాలూ ఆంఫెటమిన్‌లవి. ఆంఫెటమిన్, థైరాయిడ్ సారం, మూత్రకారకాలు, మత్తుమందులు కలిపి రంగురంగుల మాత్రలుగా అమ్మే క్లినిక్‌లు అమెరికా నిండా వెలిశాయి. మరణాలు బయటపడి, 1968లో సెనేట్ విచారణ జరిగింది.

1992లో అమెరికా పరిశోధకుడు మైకేల్ వైంట్రాబ్ 121 మందిపై జరిపిన అధ్యయనం ఫెన్‌ఫ్లూరమిన్, ఫెంటర్మిన్ కలిపి వాడితే బరువు తగ్గుతుందని చూపింది. ‘ఫెన్-ఫెన్’గా పేరుపడిన ఈ జంటకు 1996లో ఒక్క అమెరికాలోనే కోటీ ఎనభై లక్షల చీటీలు రాశారు. 1997 జూలైలో మేయో క్లినిక్ వైద్యులు ఈ మందులు వాడిన 24 మంది మహిళల్లో గుండె కవాటాల జబ్బును గుర్తించినట్లు వెల్లడించారు. సెప్టెంబరు నాటికి ఫెన్‌ఫ్లూరమిన్‌ను ఉపసంహరించారు. మానసిక కుంగుబాటు, ఆత్మహత్య ఆలోచనల వల్ల రిమోనబాంట్, గుండెపోటు ముప్పు వల్ల సిబుట్రమిన్ కూడా ఇదే దారి పట్టాయి. భారత ప్రభుత్వం మొదటిదాన్ని 2009లో, రెండోదాన్ని 2011లో నిషేధించింది.

సంకల్పబలం కాదని తేలిన వేళ

1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం కొవ్వుకణాలు విడుదల చేసే లెప్టిన్ హార్మోన్ జన్యువును కనుగొంది. ఒంట్లో నిల్వ ఎంత ఉందో మెదడుకు తెలిపేది ఈ హార్మోన్. 1997లో కేంబ్రిడ్జిలో స్టీఫెన్ ఒరాహిలీ, సదఫ్ ఫారూకీలు లెప్టిన్ బొత్తిగా లేని ఇద్దరు పిల్లలను గుర్తించారు. పాకిస్తానీ మూలాలున్న కుటుంబానికి చెందిన ఆ పిల్లలకు ఆకలి ఎంత తిన్నా తీరేది కాదు. తర్వాత లెప్టిన్ ఇంజెక్షన్లతో ఆ ఆకలి మామూలు స్థాయికి దిగింది. స్థూలకాయుల్లో అత్యధికులకు లెప్టిన్ లోపం ఉండదు కాబట్టి అది అందరి మందు కాలేదు. ఆకలి మనిషి గుణగణాలకు కొలమానం కాదనీ, ఒంటి రసాయనాల పని అనీ మాత్రం ఆ పిల్లల ద్వారా లోకానికి తెలిసింది. 2013లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ స్థూలకాయాన్ని వ్యాధిగా గుర్తించింది.

జీఎల్‌పీ-1 మందులు

భోజనం చేశాక పేగు విడుదల చేసే జీఎల్‌పీ-1 హార్మోన్ ఇన్సులిన్‌ను పెంచుతుంది, కడుపు నిండిందని మెదడుకు చెబుతుంది. కానీ కొద్ది నిమిషాల్లోనే విచ్ఛిన్నమైపోతుంది. న్యూయార్క్ వైద్యుడు జాన్ ఎంగ్ గిలా మాన్‌స్టర్ అనే బల్లి విషంలో దీన్ని పోలిన, ఎక్కువసేపు నిలిచే పదార్థాన్ని కనుగొన్నారు. దాని ఆధారంగా వచ్చిన ఎక్సెనటైడ్‌కు 2005లో మధుమేహానికి అనుమతి లభించింది. డెన్మార్క్‌లో శాస్త్రవేత్త లోటె బ్యెరె నుడ్సెన్ కృషితో లిరాగ్లుటైడ్, ఆ వెంట వారానికొక్కసారి తీసుకుంటే సరిపోయే సెమాగ్లుటైడ్ వచ్చాయి. 2021లో సెమాగ్లుటైడ్‌ను ‘వెగోవీ’ పేరుతో స్థూలకాయానికి అనుమతించారు. 1,961 మందిపై 68 వారాలు జరిగిన పరీక్షలో సగటున 14.9 శాతం బరువు తగ్గింది. ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో ఇది 2.4 శాతమే. రెండు హార్మోన్ల పని చేసే టిర్జెపటైడ్ ఇంకా ఎక్కువ తగ్గిస్తుంది. 17,604 మందిపై జరిగిన మరో పరీక్షలో సెమాగ్లుటైడ్ గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాల ముప్పును మొత్తంగా 20 శాతం తగ్గించింది.

వికారం, వాంతులు, మలబద్ధకం మామూలుగా ఎదురయ్యే ఇబ్బందులు. పిత్తాశయ రాళ్లు, క్లోమశోథ అరుదైనవి. మందు ఆపితే ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వస్తుందని తేలింది. రక్తపోటు మాత్రలాగే ఏళ్ల తరబడి వాడాల్సిన మందు ఇది. ధర అందుకే అంత ముఖ్యమైన విషయం.

ఎవరికి అందుతోంది

అమెరికాలో 2003 నాటి చట్టం వృద్ధుల మెడికేర్ పథకంలో బరువు తగ్గించే మందులను, జుట్టు మొలిపించే మందులతో పాటు మినహాయించింది. 2021లో వచ్చినప్పుడు వెగోవీ ప్రకటిత ధర నెలకు 1,349 డాలర్లు. 2022నుంచి కొరత ఏర్పడి, మధుమేహ రోగులకు సైతం మందు దొరకని పరిస్థితి వచ్చింది. 2024 జూన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నకిలీ ‘ఓజెంపిక్’పై (మధుమేహానికి అమ్మే సెమాగ్లుటైడ్ పేరు ఇది) హెచ్చరిక జారీ చేసింది. ఇంగ్లండ్ ప్రభుత్వ వైద్యసేవ 2025లో టిర్జెపటైడ్ ఇవ్వడం మొదలుపెట్టినా, తొలి ఏడాది బీఎంఐ (ఎత్తుకు, బరువుకు ఉన్న నిష్పత్తి సూచిక) 40 లేదా అంతకు మించి, కనీసం నాలుగు అనుబంధ జబ్బులున్నవారికే పరిమితం చేసింది. మిగిలినవారు సొంత డబ్బుతో కొనుక్కోవాల్సి వచ్చింది.

భారతదేశంలో టిర్జెపటైడ్ 2025 మార్చిలో ‘మౌంజారో’ పేరుతో విడుదలైంది. అప్పుడు 2.5 మిల్లీగ్రాముల వయల్ ధర రూ.3,500. వారానికొకటి కావాలి. జూన్‌లో వచ్చిన వెగోవీ తొలి మోతాదులకు నెలకు రూ.17,345 అయ్యేది, నవంబరులో కనిష్ఠ మోతాదు ధరను రూ.10,850కి తగ్గించారు. సెమాగ్లుటైడ్ భారత పేటెంట్ గడువు 2026 మార్చి వరకే. ఈ గడువును దృష్టిలో పెట్టుకొని హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్, నాట్కో వంటి సంస్థలు జెనరిక్‌లకు సిద్ధమయ్యాయి. పేటెంట్ లేని దేశాలకు ఎగుమతి చేసేందుకు డాక్టర్ రెడ్డీస్‌కు ఢిల్లీ హైకోర్టు 2025 డిసెంబరులో అనుమతించింది.

ఎవరు అర్హులన్నది ధరతో పాటు తేలాల్సిన ప్రశ్న. 2004లో లాన్సెట్ పత్రికలో పుణె వైద్యుడు యాజ్ఞిక్, లండన్ వైద్యుడు యుడ్కిన్ తమ సొంత లెక్కలు ప్రచురించారు. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. సన్నగా కనిపించే భారతీయుల్లోనూ కొవ్వు దాగి ఉంటుంది కనుక మన నిపుణులు బీఎంఐ 25నే స్థూలకాయ హద్దుగా పెట్టారు. మందుల అనుమతులు మాత్రం 30, జబ్బులుంటే 27 అనే అంతర్జాతీయ లెక్కనే అనుసరిస్తున్నాయి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం బీఎంఐ 25 లేదా అంతకు మించిన మహిళలు దేశంలో 24 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం. అయినా స్థూలకాయం మన దగ్గర ఇంకా పెళ్లిచూపుల్లో మాటగానే, సినిమాలో హాస్యపాత్రగానే మిగిలింది. 2015లో నటి అనుష్క బరువు పెరిగి మరీ నటించిన ‘సైజ్ జీరో’ లావైన యువతిని కథానాయికగా నిలిపి, సన్నబడే క్లినిక్‌ల మోసాన్ని చూపింది. అలాంటి ప్రయత్నాలు అరుదు. వేళాకోళానికి జడిసినవారు డాక్టరుకు చెప్పుకోక, ప్రకటనల్లో కనిపించే పొడులకు, చీటీ అడగని దుకాణాలకు డబ్బు పోస్తున్నారు.

2025 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ మధుమేహంతో పాటు గుండె లేదా మూత్రపిండాల జబ్బున్నవారి కోసం జీఎల్‌పీ-1 మందులను అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చింది. డిసెంబరులో స్థూలకాయ చికిత్సకు షరతులతో సిఫారసు చేసింది. ఉత్పత్తి వేగంగా పెరిగినా, 2030 నాటికి అవసరమైనవారిలో పదిశాతం మందికి కూడా ఇవి చేరవని ఆ సంస్థ అంచనా.